మా ఊళ్ళో చూడటానికేముంది మాస్టారూ?

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

"మాస్టారికి నమస్కారం. నాకు 26 ఏళ్ళు. డిగ్రీ అయ్యాక డీటీపీ, ఫొటోషాప్ నేర్చుకుని, మూడు లాంతర్ల దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌గా చేస్తున్నాను. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, స్కూలు బ్రోచర్లు, స్వీట్ షాపు డబ్బాలు, అదీ పని. రాత్రి ఇంటికొచ్చాక ట్యాబ్ మీద నా సొంత బొమ్మలు వేసుకుంటాను. రెండేళ్ళ కిందట రోజుకో ఐడియా వచ్చేది. ఇప్పుడు అంతా ఖాళీ. వేసే ముందు ఇన్‌స్పిరేషన్ కోసమని పింటరెస్ట్ తెరుస్తాను. చూస్తుండగానే గంట గడిచిపోతుంది. ఆ తరవాత ఏం వేసినా ఎవరో వేసినదానిలాగే ఉంటుంది. చూస్తే టెన్షన్, చూడకపోతే బుర్ర పనిచేయదు. ఆదివారం మా అమ్మ ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుంటాను, అప్పుడు మాత్రం కాస్త హాయిగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండ్ ఎగ్జిబిషన్లకీ వర్క్‌షాపులకీ వెళుతుంది. మా ఊళ్ళో చూడటానికేముంది మాస్టారూ? నేను కూడా హైదరాబాద్ వెళ్ళిపోవాలా? ప్రెస్‌లో మా ఓనరు ఏ పనికైనా ఒక శాంపిల్ చూపించి అలాగే చేసేయమంటారు, దాంతో చెయ్యి మొద్దుబారిపోయిందని భయం. ఇంకోటి, నా ట్యాబ్ చిన్నది. పెద్దది కొంటే ఏమైనా మారుతుందా?"

అమ్మా,

వయసులో నీకంటే రెట్టింపు పైనే ఉన్నాను కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

హైదరాబాద్ సంగతి ముందు తేల్చేద్దాం. జీతం బాగుంటే వెళ్ళు, మంచి పని నేర్పే చోటు దొరికితే వెళ్ళు. ఐడియాలు రావడం లేదని మాత్రం వెళ్ళకు. అక్కడికెళ్ళినా అదే ఫోను, అదే పింటరెస్ట్. పైగా గంటన్నర ట్రాఫిక్.

ఇక పింటరెస్ట్. దాన్ని తిట్టను, నేనూ చూస్తాను. దాంతో చిక్కేమిటో నాకు బాగా ఆలస్యంగా, అదీ పరువు పోయాక తెలిసింది. కొత్తగా బొమ్మలు వేస్తున్న రోజుల్లో పిల్లల పుస్తకం ఒకటి వచ్చింది నా దగ్గరికి. అందులో ఒక పేజీకి వరి ఉభాల (నాట్ల) బొమ్మ వెయ్యాలి. మాది శ్రీకాకుళం పక్క పల్లె. ఇంటి వెనక దిగితే పొలమే. అయినా నేను పొలంలోకి దిగలేదు. ఏవో పత్రికల్లో ఫొటోలూ, పాత క్యాలెండర్లూ ముందు పెట్టుకుని, వంగిన నడుములు, రంగురంగుల చీరలు, చేతిలో నారు కట్టలు, వెనకాల కొండలు, అన్నీ చక్కగా వేశాను. పబ్లిషర్ మెచ్చుకున్నారు. పుస్తకం అచ్చయి వచ్చాక మా అత్తకి చూపించాను. అత్త జీవితమంతా పొలం పని చేసిన మనిషి. పేజీ దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వింది. "ఏటిరా ఇది, ఊడ్సిన నారు తొక్కుకుంటూ పోతన్నారేటి ఈలంతా?" అంది.

నారు ఊడ్చేవాళ్ళు వెనక్కి నడుస్తారమ్మా. ఊడ్చింది కళ్ళ ముందు ఉంటుంది, ఊడ్చాల్సిన బురద వీపు వెనక ఉంటుంది. నేను తిరగేసి వేశాను. వాళ్ళు ముందుకి నడుస్తున్నారు, ఊడ్చిన వరసలు వాళ్ళ వెనకాల ఉన్నాయి. అంటే వాటి మీంచి నడిచి వచ్చినట్టే లెక్క. నేను చూసిన ఫొటోలు తప్పు కాదు. వాటిల్లో నడక కనిపించదు, నిలబడ్డ క్షణమే కనిపిస్తుంది. ఎటు నడుస్తున్నారు, ఎందుకు అటే నడుస్తున్నారు అన్నది పొలం గట్టు మీద పది నిమిషాలు నిలబడితే తెలిసేది.

నువ్వు రోజూ గంటసేపు చూసేవన్నీ అలాంటివే. ఎవరికో ఒక చిక్కు వచ్చింది, వాళ్ళు తంటాలు పడి విప్పుకున్నారు. నీకు విప్పిన దారం కనిపిస్తుంది, ముడి కనిపించదు. ముడి తెలియకుండా దారాన్నే తీసుకుంటే నీ బొమ్మ వాళ్ళ బొమ్మలాగే ఉంటుంది, ఇంకెలా ఉంటుంది? మన ఊళ్ళో దొరికేది ఆ ముడి. వస్తువు, దాన్ని అలా చేసిన కారణం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. నువ్వు చెయ్యాల్సిందల్లా వెళ్ళి నిలబడి, 'ఇది ఇలాగే ఎందుకుంది?' అని అడగడం.

నీ ప్రెస్ దగ్గరి నుంచే మొదలుపెడదాం. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా నడువు. అటూ ఇటూ ఉన్న పాత దుకాణాల్లో చేత్తో రాసిన బోర్డులు ఒకటో రెండో మిగిలి ఉంటాయి. షట్టర్ల మీదో, పైన పాత ఫ్లెక్సీ చిరిగిన చోటో వెతుకు. ఫోనుతో ఫొటో తియ్యకు. జేబులో పెన్నుంటే అందులో ఒక్క అక్షరం గియ్యి. అది 'ష్ట్ర'యో 'క్ష్మి'యో అయితే ఇంకా మంచిది.

ఎందుకంటావా? శ్రీకాకుళంలో ఒక బోర్డు పెయింటరు ఉండేవాడు. స్కూలు నుంచి ఇంటికి పోతూ ఆయన పనిచేస్తుంటే నిలబడి చూసేవాణ్ణి. సుద్ద రాసిన దారాన్ని బోర్డుకి ఈ చివరి నుంచి ఆ చివరికి బిగించి, మధ్యలో పట్టుకుని లాగి వదిలేవాడు. టప్పుమని తెల్లగీత పడేది. తరవాత అక్షరాలు లెక్కపెట్టుకుని, నడిమి అక్షరం ముందు రాసి, అక్కణ్ణించి రెండు వైపులకీ పోయేవాడు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, అక్షరాల కింద అంత చోటు ఎందుకు వదిలేశావని. ఆయన కుంచె ఆపకుండానే చెప్పాడు: "ఇంగిలీసక్షరం నిలబడతాది బాబూ. మనది కూకుంటాది. కూకున్నోడికి కాళ్ళు సాపుకోడానికి జాగా ఒద్దేటి?"

ఒత్తుల గురించి ఆయన చెప్పిన ఆ మాట తరవాత నేను చదివిన ఏ డిజైన్ పాఠంలోనూ అంత సూటిగా కనపడలేదు. ఇవాళ నువ్వు చేసే ఫ్లెక్సీలు చూసుకో. పై వరసలో ఒత్తు కింద వరసలో గుడిని గుద్దుకుంటూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇచ్చే వరసల ఎడం ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేంత ఉంటుంది, మన 'స్త్రీ'కి చాలదు. రేపు ఆఫీసులో ఏదైనా కార్డు తీసుకుని వరసల ఎడం కాస్త పెంచి చూడు. ఓనరుకి ఏం మారిందో తెలియదు, బాగుందని మాత్రం అంటారు.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. గూగుల్ ఫాంట్స్‌లో 'గిడుగు', 'గురజాడ' అని రెండు తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు తెచ్చినవి. గిడుగు రామమూర్తి శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. గురజాడ ఇల్లు మీ ఊళ్ళోనే ఉంది, నువ్వు ఎన్నిసార్లు దాని ముందు నుంచి పోయావో. ఇద్దరూ వాడుక భాష కోసం జీవితాలు అరగదీసుకున్నవాళ్ళు. ఆ గిడుగు ఫాంటులో మనం 'మదర్పిత చందన తాంబూలాది సత్కారములు గ్రహించి' అని కంపోజ్ చేస్తుంటాం. కార్డు చేసేటప్పుడు ఈ సంగతి తలుచుకుని నవ్వుకో. ఎవరైనా పెళ్ళివాళ్ళు ఒప్పుకుంటే అమ్మమ్మ మాట్లాడినట్టు నాలుగు ముక్కల్లో పిలుపు రాసి చూడు. అదే ఒక డిజైన్.

ఒక ఆదివారం ఊరు దాటి వెళ్ళు. ప్యాసింజర్ ఎక్కితే చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు. ఖద్దరు ఊరని అందరికీ తెలుసు, పంచెలు కొనుక్కుని వచ్చేస్తారు. నువ్వు కొనక్కర్లేదు. దూది శుభ్రం చేసే ఆడవాళ్ళ దగ్గర వాళ్ళ అనుమతి తీసుకుని ఒక గంట కూర్చో. వాళ్ళ చేతిలో వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది. నిజంగా చేప దవడే. దాని మీద సన్నటి పళ్ళు బ్రష్షులా ఒత్తుగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని దాని మీద దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగులన్నీ ఒక వైపుకి తిరుగుతాయి. ఇనప దువ్వెన పెడితే పోగు తెగుతుంది. ఆ చేప పన్నుకి తెగదు. తరవాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి అరటి బోదెలో దాచుకుంటారు, నలగకుండా. ఆ ఏకుల నుంచి నూరో నంబరు నూలు తీస్తారు, ఇంకా సన్నం కూడా.

అక్కడ కూర్చున్నప్పుడు మొత్తం దృశ్యం వెయ్యాలని చూడకు. రాట్నం, అవ్వ, కిటికీలోంచి వెలుతురు, ఇదంతా క్యాలెండరు బొమ్మ, ఇప్పటికే వెయ్యి మంది వేశారు. దవడ ఎముక ఒక్కటే తీసుకో. దాని మీద బొటనవేలు ఎక్కడ ఆనుతోంది, మణికట్టు ఎంత తిరుగుతోంది, పత్తి ఏ క్షణంలో జారుతోంది, అదే పదిసార్లు గియ్యి. ఐదో బొమ్మ దాకా విసుగొస్తుంది. ఏడో దానికి ఏదో ఒకటి పట్టుబడుతుంది. నాకు పట్టుబడింది తెలుపు.

పొందూరు కొండపత్తి తెలుపు కాదు. కొంచెం మీగడ, కొంచెం గోధుమ. అప్పటిదాకా నేను తెలుపంటే కాగితం తెలుపే అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తెలుపులు వెతకడం మొదలుపెట్టాను. బియ్యప్పిండి తెలుపు వేరు, ముగ్గురాయి పిండి తెలుపు వేరు. గోడకి వేసిన సున్నం మొదటి రోజు నీలంగా ఉంటుంది, నీలిమందు కలుపుతారు కాబట్టి. రెండో వానాకాలానికి పసుపుకి తిరుగుతుంది. కొబ్బరి లోపలి తెలుపులో నీడ పడితే బూడిద రాదు, పచ్చదనం వస్తుంది. నౌపడ ఉప్పు మడుల్లో గట్టు మీద ఆరిన ఉప్పు పొద్దున ఒకలా మెరుస్తుంది, మిట్టమధ్యాహ్నం కళ్ళు చిట్లించాల్సి వస్తుంది. పదకొండు తెలుపులు రాసుకున్నాను ఒక నోటు బుక్కులో. ఆ తరవాత చాలా ఏళ్ళు నా బొమ్మల్లో ఎవరైనా మెచ్చుకున్న రంగు ఉందంటే అది ఆ పేజీ నుంచి వచ్చిందే. ఈ పని నీ వంటింట్లో రేపు పొద్దున్నే చెయ్యొచ్చు, పొందూరు దాకా కూడా పోనక్కర్లేదు. తెలుపుతో కాకపోతే ఎరుపుతో చెయ్యి. ఎండుమిర్చి, కుంకుమ, ఇటుక, పైడితల్లమ్మ గుడి దగ్గర అమ్మే గాజులు.

పైడితల్లమ్మ అంటే గుర్తొచ్చింది. సిరిమాను పండగకి ప్రతి ఏడాదీ మీ ప్రెస్ ఫ్లెక్సీల మీద ఒకటే బొమ్మ ఉంటుంది కదా, పైకి లేచిన మాను, చివర కూర్చున్న పూజారి. ఈసారి మాను వెయ్యకు. మానుని చూస్తున్న జనం మెడలు వెయ్యి. తండ్రి భుజాల మీద పిల్ల, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ముసలావిడ, మేడల మీద వరసగా గడ్డాలు ఎత్తిన వాళ్ళు. మాను ఎంత ఎత్తో ఆ మెడలే చెబుతాయి.

బొమ్మలు చూడాలని ఉందా, శ్రీకాకుళం రా. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. అందరూ అక్కడికి కథల కోసం వెళతారు. నువ్వు కథ చదవకు (ఈ మాట అక్కడ పైకి అనకు). పాత వారపత్రికలు అడిగి తీసుకుని బొమ్మలు, కథల పేర్లు రాసిన అక్షరాలు మాత్రమే చూడు. ఆ బొమ్మల్లో బూడిద రంగు ఉండదు. నలుపు ఉంటుంది, కాగితం ఉంటుంది, అంతే. అప్పట్లో రేఖాచిత్రాన్ని జింకు బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. బ్లాకులో సిరా అంటిన చోటు నలుపు, అంటని చోటు తెలుపు, మధ్యస్తం లేదు. చీకటి కావాలంటే గీతలు దగ్గర దగ్గరగా లాగాలి, మబ్బు కావాలంటే చుక్కలు పెట్టాలి. మనం ఇప్పుడు ఆ ఆర్టిస్టుల 'స్టైల్' అని మెచ్చుకునేదాంట్లో సగం ఆ బ్లాకు పెట్టిన ఇబ్బంది. నువ్వూ ఒక వారం నీ ట్యాబ్‌లో ఒక్క బ్రష్షు, ఒక్క నలుపు పెట్టుకుని మిగతావన్నీ మూసెయ్యి. మూడో రోజున తిట్టుకుంటావు నన్ను.

ఆ పత్రికలు తిరగేస్తుంటే 'వ.పా.' అన్న సంతకం కనిపిస్తే ఆగు. వడ్డాది పాపయ్య. చందమామ ముఖచిత్రాలు వేసిన మనిషి. పుట్టింది శ్రీకాకుళంలోనే, 1921 సెప్టెంబరు 10న. తండ్రి డ్రాయింగు మాస్టారు, మొదటి పాఠాలు ఆయన దగ్గరే. ఆయన దేవకన్యల్ని అందరూ చూస్తారు, నువ్వు వాళ్ళ వెనకున్న ఆకాశాన్ని చూడు. సాయంత్రం పూట నాగావళి వంతెన మీద నిలబడి మళ్ళీ ఆ పేజీ గుర్తు తెచ్చుకో. ఆయన ఏ ఆకాశం చూసి వేశారో నేను చెప్పలేను గానీ, ఆ రంగులు కల్పించుకున్నవి కావని మాత్రం నాకు అక్కడ నిలబడ్డప్పుడల్లా అనిపిస్తుంది.

వచ్చినదానివి ఎలాగూ శ్రీకూర్మం దాకా వెళతావు. గుడి మండపం గోడల మీద పాత చిత్రాలున్నాయి, చాలావరకు వెలిసిపోయాయి. వెలిసిన చోట కూడా గీత నిలబడే ఉంటుంది, గమనించు. రంగు పోయినా నిలబడేలా గీత ఉండాలని నాకు తెలిసింది అక్కడే. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు తిరుగుతుంటాయి. ఒక దాని పక్కన చతికిలబడి డిప్ప చూడు. ఒక్కో పలక మధ్యలో పసుపు మచ్చ, అక్కణ్ణించి కిరణాల్లా పసుపు గీతలు అంచులదాకా. పక్క పలక గీతలు వచ్చి వీటితో కలుస్తాయి, కానీ ఎక్కడా అచ్చంగా కలవవు, కొంచెం తప్పుతాయి. ఆ తప్పడమే అందం. నువ్వు కంప్యూటర్‌లో ఒక పలక గీసి ఇరవైసార్లు కాపీ పేస్టు చేస్తే తాబేలు రాదు, బాత్రూం టైల్సు వస్తాయి.

విలియం మోరిస్ అని ఇంగ్లండులో ఒక డిజైనరు ఉండేవాడు. తోటలో స్ట్రాబెర్రీలు వలల కింద దూరి పిట్టలు దొంగతనంగా తినేస్తుంటే, వాటిని తోలకుండా చూస్తూ కూర్చుని 1883లో గుడ్డ మీద అచ్చు వేసే డిజైన్‌గా చేశాడు. ఇప్పటికీ ఆ గుడ్డ అమ్ముతున్నారు. ఆయన పెరట్లో పిట్టలు, మన గుడిలో తాబేళ్ళు. అంతకన్నా తేడా ఏం లేదు.

ఒక్క చోట మాత్రం నీ చెయ్యి ఆపమంటాను. సీతంపేట వైపు వెళితే అక్కడి గిరిజనులు, సవరల గోడ బొమ్మలు చూస్తావు. ఎర్రమట్టి గోడ మీద తెల్లగా, ముందు ఇల్లులాంటి చట్రం గీసి, లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. చూడగానే డిజైనరు బుర్రకి దురద పుడుతుంది, 'అబ్బ, వెడ్డింగ్ కార్డుకి భలే ఉంటుంది' అని. వద్దు. అవి అలంకారానికి వేసినవి కావు, దేవుళ్ళ కోసం, పోయిన పెద్దల కోసం వేసుకునేవి. ఆ మనుషుల్ని పీకి పట్టుకొచ్చి భోజనాల టైమింగ్ పక్కన పెట్టడం నాకు నచ్చదు. నిజంగా కావాలంటే అక్కడ బొమ్మలు వేసేవాళ్ళ చేతనే వేయించు, డబ్బులివ్వు, పేరు వెయ్యి. నువ్వు తెచ్చుకోగలిగింది ఇంకొకటుంది. వాళ్ళు ముందు చట్రం గీసి తరవాత లోపల నింపుతారు. హద్దు ముందు, సంత తరవాత. ఆ పద్ధతి తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మీ అమ్మ ముగ్గు దగ్గరికి వద్దాం. అది నీ ఉత్తరంలో మధ్యలో ఎక్కడో రాసేసి దాటిపోయావు. ఈసారి ముగ్గు చూడకు, అమ్మ చేతిని చూడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి చిటికెడు. గీత లావు కావాలంటే చెయ్యి నెమ్మదిస్తుంది, సన్నం కావాలంటే తొందరపడుతుంది. కళ్ళాపి తడి ఇంకా ఆరకుండా ఉంటేనే పిండి అంటుకుంటుంది, అంటే ఆవిడకి టైము కూడా కొలతే. అన్నిటికన్నా ముఖ్యం, గీత తప్పితే ఏం చేస్తుందో చూడు. తుడవదు. తుడిస్తే పేడనీళ్ళ నేల మీద మరక పడుతుంది. తప్పిన గీతని ఒక రేకు చేసేస్తుంది, తరవాత మిగతా మూడు వైపులా కూడా అదే రేకు పెడుతుంది. నీకూ నాకూ 'అన్‌డూ' మీట ఉంది కాబట్టి ఆ విద్య రాలేదు. (ముగ్గులు కూడా ఇప్పుడు యూట్యూబ్ చూసే వేస్తున్నారు, మా ఇంట్లోనే. అయినా గీత తప్పినప్పుడు యూట్యూబ్ ఏం చేయగలదు.)

చెయ్యి మొద్దుబారిపోయిందని రాశావు. శాంపిల్ చూపించి చేయమనే ఓనరుతో గొడవ పడకు. ఆయనకి సాయంత్రం ఆరింటికి డెలివరీ ఉంటుంది. శాంపిల్ ప్రకారమే చెయ్యి, అందులో ఒకే ఒక్కటి నీది పెట్టు. అక్షరాల ఎడమో, అంచో, ఒక తెలుపో. కస్టమరు ఎదురుగా కూర్చున్నప్పుడు 'ఏ రంగు కావాలండీ' అని అడక్కు. 'మీ ఇంటి ముందు ఏం చెట్టుందండీ, పెళ్ళికి ఎవరెవరొస్తారండీ' అని అడుగు. రాజాం నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన నాతో అన్నాడు, మా ఇంటి ముందు రెండు పనసచెట్లున్నాయి, ఒకటి మా నాన్న వేసింది, ఒకటి నేను వేసింది అని. ఆయన మనవరాలి పెళ్ళి కార్డు మీద అరటిబోదెలు వెయ్యలేదు నేను.

ఇంకా, మీ ప్రెస్‌లో కటింగ్ మిషను కింద పడే కాగితం ముక్కలు ఎవరు తీసుకుంటారు? తూకానికి పోతాయి, అవునా? రోజూ ఒక గుప్పెడు తెచ్చుకో. రంగు రంగుల ఆర్టు కార్డు పేళికలు, అంచున నాలుగు రంగుల చుక్కలున్న మార్జిన్లు, రంగులు ఒకదాని మీద ఒకటి కుదరక జరిగిపోయిన వేస్టు షీట్లు. ఆ జరిగిపోయిన షీట్లు నాకు మహా ఇష్టం. పెళ్ళికూతురు పెదవి ఎరుపు చెంప మీదికి పోయి ఉంటుంది, అందులో ఎవరూ అనుకోని బొమ్మ ఒకటి ఉంటుంది. పేళికలు అతికించి చిన్న చిన్న బొమ్మలు చెయ్యి, జేబులో పట్టేంత. బాగా రాకపోతే పారెయ్యి, తూకానికి పోవాల్సినవే కదా.

రోజుకి ఎంతసేపు అంటావేమో. పావుగంట చాలు. అది పొద్దున పూట అయితే మంచిది, ఫోను ముట్టుకోక ముందు. గీసిన దాని పక్కన ఒక ప్రశ్న రాయి, 'ఈ తలుపు గొళ్ళెం ఎడం వైపే ఎందుకుంది' లాంటిది. జవాబు దొరక్కపోయినా పరవాలేదు. ఆ నోటు బుక్కుని ఎక్కడా పోస్టు చెయ్యకు, ఎవరికీ చూపించకు. లైకుల కోసం గీసే చెయ్యి వేరేలా కదులుతుంది, నీకూ తెలుసు. పింటరెస్ట్ మానక్కర్లేదు, బొమ్మ పూర్తయ్యాక చూడు. అప్పుడు అక్కడ నీలాంటి ముడే విప్పుకున్న వాళ్ళు కనిపిస్తారు. ముందు చూస్తే యజమానులు, తరవాత చూస్తే స్నేహితులు.

కొన్ని రోజులు ఏమీ రాదు. నాకూ రాదు. పోయిన జ్యేష్ఠంలో మూడు వారాలు ఒక్క గీత సరిగ్గా పడలేదు. ఎండ అనుకున్నాను, వయసనుకున్నాను, చివరికి నిద్ర చాలడం లేదని తేలింది. నువ్వు పగలంతా స్క్రీను ముందు కూర్చుని రాత్రి మళ్ళీ స్క్రీను ముందే కూర్చుంటున్నావు. ఐడియాలు అయిపోయాయని అనుకునే ముందు వారం రోజులు పదింటికి పడుకుని చూడు.

చివరిగా ట్యాబ్. పెద్దది కొనొద్దు. న్యూయార్క్ కోసం మిల్టన్ గ్లేజర్ వేసిన ఆ ఎర్ర గుండె లోగో నీకు తెలుసు, టీషర్టుల మీద బొబ్బిలిలో కూడా కనిపిస్తుంది. అది మొదట గీసింది 1976లో, టాక్సీలో పోతూ, ఒక కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో. ఆ కవరు ముక్క ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది. ట్యాబ్ డబ్బుల్లో కొంచెం తీసి పొందూరుకి టికెట్టు కొను, మిగతాది బ్యాంకులో వెయ్యి. వాలుగ దవడ బొమ్మ గీస్తే నాకొకటి పంపు. పదో బొమ్మ కాదు, మొదటిది పంపు, పళ్ళు తప్పుగా వేసిందే. ఎక్కడ తప్పావో చూడాలని ఉంది నాకు.